రూత్ క్రాఫర్డ్: పాట రాయని ఇరవై ఏళ్లు

పెళ్లికి ముందు వీణో, వయొలినో శ్రద్ధగా నేర్చుకుని, పెళ్లయ్యాక దానికి గుడ్డ చుట్టి అటకెక్కించిన ఆవిడ మీ చుట్టాల్లో ఒక్కరైనా ఉండే ఉంటారు. ఎందుకు మానేశారని అడిగితే చిన్నగా నవ్వి ఊరుకుంటారు. సంసారం, పిల్లలు, వచ్చేపోయే జనం... ఇంకేం చెబుతారు? మనమూ ఆ నవ్వుతోనే సరిపెట్టుకుని, ఇచ్చిన కాఫీ తాగి వచ్చేస్తాం.

ఈ వారం నేను చెప్పబోయేది అలా ఆపేసిన ఒకావిడ గురించే. కాకపోతే ఈవిడ సరదాకి పాడుకునే మనిషి కాదు. 1920లు, 30లలో అమెరికా సంగీతాన్ని కొత్త దారి పట్టించిన కొద్దిమందిలో ఒకరు. ఆ కొద్దిమందిలోనూ దాదాపు అందరూ మగవాళ్లే. వాళ్ల మధ్య నిలబడి, వాళ్ల చేతే శెభాష్ అనిపించుకుంది. పేరు రూత్ క్రాఫర్డ్.

ఎప్పుడూ వినలేదంటారా? మన బడుల్లో పిల్లలు 'హమ్ హోంగే కామ్‌యాబ్' పాడతారు కదా. దానికి మూలమైన ఇంగ్లీషు పాటని దేశదేశాలకీ చేర్చినవాళ్లలో ముఖ్యుడు పీట్ సీగర్. ఆ పీట్‌కి రూత్ సవతి తల్లి. సవతి తల్లి అనగానే మనకి సూర్యకాంతమ్మగారి సినిమాలు గుర్తొస్తాయి. ఈవిడ ఆ కోవలోకి రాదు లెండి.

రూత్ తన గొప్ప పాటలన్నీ ముప్ఫై రెండేళ్లు నిండకముందే రాసేసింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు సొంత రచన దాదాపు ఆగిపోయింది. యాభై రెండో ఏట చనిపోయింది. ఆ ఇరవై ఏళ్లూ ఏమయ్యాయి? ఈ ప్రశ్నే నన్ను ఆవిడ వెంట తిప్పింది.

గొంతు ఒకటి, పియానో ఒకటి

ముందుగా ఆవిడ రాసిన పాటలు ఎలాంటివో చెబుతాను. రేడియోలో లలిత సంగీతం వినే అలవాటున్నవాళ్లకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. ఒక కవి గేయం రాస్తాడు. ఇంకొకరు బాణీ కడతారు. మరొకరు పాడతారు. పడమటి దేశాల్లో ఇంచుమించు ఇలాంటిదాన్నే ఆర్ట్ సాంగ్ అంటారు. అచ్చయిన కవితని తీసుకుని ఒక గొంతుకీ, ఒక పియానోకీ స్వరపరుస్తారు. వేదిక మీద ఉండేది ఇద్దరే. పాడేవాళ్లు తమకి తోచిన సంగతులు వేసుకోవడం కుదరదు. ప్రతి స్వరమూ, ఎంతసేపు ఆగాలన్నదీ, ఎక్కడ గొంతు తగ్గించాలన్నదీ కాగితం మీద రాసి ఉంటుంది. పియానో వాయించేవాళ్లకీ అంతే.

మన కచేరీల్లో వయొలిన్ పాటని అంటిపెట్టుకుని నడుస్తుంది. ఆర్ట్ సాంగ్‌లో పియానో అలా కాదు, దాని సంగతి దానికుంటుంది. పాడే మనిషి పైకి ఒకటి చెబుతుంటే, ఆ మనిషి మనసులో ఉన్నది పియానో చెబుతుంది. షూబర్ట్ అనే ఆస్ట్రియా సంగీతకారుడు ముప్ఫై రెండేళ్లయినా నిండకుండా పోయాడు గానీ ఇలాంటి పాటలు ఆరు వందలకి పైగా రాశాడు.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి అమెరికాలో కొందరికి ఈ పద్ధతి ఇరుకనిపించింది. చార్లెస్ ఐవ్స్ అనే ఆయన పగలంతా ఇన్సూరెన్స్ వ్యాపారం చేసుకుంటూ, మిగతా టైములో సంగీతం రాసేవాడు. 1922లో సొంత డబ్బుతో 114 పాటల పుస్తకం అచ్చేయించి ఉచితంగా పంచిపెట్టాడు. భక్తి గీతాలు, వీధి బ్యాండు పాటలు, చెవికి గుచ్చుకునే స్వరాలు, అన్నీ అందులోనే. రెండు పనులు ఎలా చేశాడబ్బా అని అందరూ ఆశ్చర్యపోతారు. నాకైతే ఆయన భార్య గుర్తొస్తుంది. ఆవిడ పేరు హార్మొనీ. ఇల్లూ, ఆయన ఆరోగ్యమూ చూసుకున్నది ఆవిడే.

తల్లి పట్టుదల

రూత్ 1901 జూలై 3న ఒహాయో రాష్ట్రంలోని ఈస్ట్ లివర్‌పూల్ అనే ఊళ్లో పుట్టింది. తండ్రి క్లార్క్ మెథడిస్టు పాస్టరు. చర్చి ఏ ఊరు పంపిస్తే ఆ ఊరికి సంసారం మూటగట్టుకుని వెళ్లడమే. బదిలీల ఉద్యోగం చేసేవాళ్ల పిల్లలకి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. చివరికి ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ చేరారు. అక్కడే 1914లో క్షయతో తండ్రి పోయాడు. అప్పటికి రూత్ పన్నెండు, పదమూడేళ్ల పిల్ల.

తల్లి క్లారా ఏడుస్తూ కూర్చోలేదు. ఇంట్లో గదులు అద్దెకిచ్చి, అద్దెకున్నవాళ్లకి భోజనాలు పెట్టి సంసారం నెట్టుకొచ్చింది. అంత ఇబ్బందిలోనూ కూతురి పియానో పాఠాలు మాన్పించలేదు. రూత్‌కి ఆరో ఏట మొదలైన పాఠాలవి. 1918లో హైస్కూలు చదువు ముగియగానే అదే ఊళ్లోని సంగీత పాఠశాలలో చిన్న పిల్లలకి పియానో చెప్పడం మొదలుపెట్టింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి.

1921లో షికాగో వెళ్లింది. ఒక్క ఏడాది అమెరికన్ కన్సర్వేటరీలో చదివి, టీచరుగా సర్టిఫికెట్టు తెచ్చుకుని తిరిగి రావాలన్నది ఒప్పందం. ఆ ఏడాది కాస్తా ఎనిమిదేళ్లయింది. వాయించడం కోసం వెళ్లిన పిల్ల, అడాల్ఫ్ వైడిగ్ అనే గురువు దగ్గర రాయడంలో పడిపోయింది.

షికాగోలో దొరికినవాళ్లు

1924లో రూత్‌కి పియానో గురువుగా మదామ్ హెర్జ్ దొరికింది. ఆవిడకి దివ్యజ్ఞాన సమాజం మీద చాలా నమ్మకం. అవును, మద్రాసు అడయారులో ప్రధాన కేంద్రం ఉన్న థియోసాఫికల్ సొసైటీయే. మన మదనపల్లెలో జనగణమనకి స్వరం రాసిన మార్గరెట్ కజిన్స్ కూడా ఆ సమాజం మనిషే. ఆ గురువు వల్ల రూత్ తూర్పు దేశాల తత్వం చదివింది. అంతకన్నా ముఖ్యంగా, రష్యా సంగీతకారుడు స్క్రియాబిన్ రచనలు విన్నది. హెన్రీ కావెల్ లాంటి కొత్తతరం సంగీతకారుల పరిచయమూ ఆ ఇంట్లోనే కలిగింది.

షికాగోలోనే కవి కార్ల్ శాండ్‌బర్గ్ కూతుళ్లకి పియానో నేర్పింది. ఆయన రైతుల గురించి, కూలీల గురించి, కర్మాగారాల గురించి రాసే కవి. గిటారు పట్టుకుని ఊరూరా తిరిగి జానపదాలు పోగుచేసే మనిషి. 1927లో ఆయన తెచ్చిన జానపద గేయాల పుస్తకంలో కొన్ని పాటలకి రూత్ పియానో వరసలు రాసిపెట్టింది. అప్పుడు పక్కపనిగా చేసిన ఆ జానపదమే తర్వాత ఆవిడ జీవితాన్నంతా తనవైపు లాక్కుంది.

1928లో తల్లి చనిపోయింది. గదులు అద్దెకిచ్చి పియానో నేర్పించిన ఆ తల్లి, కూతురి గొప్ప పాటలేవీ వినకుండానే వెళ్లిపోయింది.

గుమ్మం ముందు భోజనం బుట్ట

1929 వేసవి. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో అడవి మధ్య మెక్‌డోవెల్ కాలనీ అని ఒక చోటుంది. సంగీతకారుడు ఎడ్వర్డ్ మెక్‌డోవెల్, ఆయన భార్య మేరియన్ 1907లో పెట్టిన సంస్థ అది. మరుసటేడే ఆయన పోతే, ఆ భారమంతా దశాబ్దాలపాటు మోసింది మేరియనే. రాసేవాళ్లకి, బొమ్మలు వేసేవాళ్లకి తలా ఒక చిన్న కుటీరం ఇస్తారు. పగలంతా ఎవరూ పలకరించరు. మధ్యాహ్నం భోజనం బుట్టలో పెట్టి, తలుపైనా తట్టకుండా గుమ్మం ముందు ఉంచి వెళ్లిపోతారు.

ఈ ముక్క చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఏం వండాలన్న ఆలోచన లేకుండా ఒక్క పగలు! వేళకి మన గుమ్మంలోకి వచ్చే అన్నం! మనలో ఎంతమందికి పురుటి మంచం మీద తప్ప అలాంటి రోజు దొరికింది?

రూత్ ఆ వేసవిలో శాండ్‌బర్గ్ కవితలకి అయిదు పాటలు కట్టింది. స్త్రీ గొంతుకీ, పియానోకీ. హోమ్ థాట్స్, వైట్ మూన్, జాయ్, లోమ్, సన్‌సెట్స్. ఒకదాంట్లో పసిపాప ముఖం మీద పడే వెన్నెల, ఇంకొకదాంట్లో మనందరం చివరికి కలిసిపోయే మట్టి.

వెన్నెలా, పసిపాపా అనగానే చందమామ రావే లాంటి వరస ఆశించకండి. నేను మొదటిసారి విన్నప్పుడు గొంతూ, పియానో వేరే వేరే ఇళ్లలోంచి వినిపిస్తున్నాయా అనిపించింది. రెండోసారి, మూడోసారి విన్నాక పట్టు దొరికింది. మనకి షడ్జం ఒక ఆధారం. ఎంత దూరం వెళ్లినా దానికే తిరిగొస్తాం, రాగానే ప్రాణం కుదుటపడుతుంది. రూత్ పాటల్లో ఆ తిరిగి రావడం ఉండదు. ఒకదానితో ఒకటి ఒరుసుకునే స్వరాలు అలాగే నిలబడతాయి. మన రోజుల్లో కూడా అన్ని గొడవలూ సాయంత్రానికి సర్దుకోవు కదా!

వివాదులే నియమం

ఆ ఏడాదే రూత్ న్యూయార్క్ చేరింది. బ్లాంచ్ వాల్టన్ అనే ఆవిడ కొత్త సంగీతకారులకి తన ఇంట్లో ఆశ్రయమిచ్చేది. రూత్‌కీ ఇచ్చింది. చార్లెస్ సీగర్ అనే పండితుడి దగ్గర పాఠాలు ఏర్పాటయ్యాయి. ఆడవాళ్లు సంగీతం రాయగలరన్న నమ్మకం ఆయనకి మొదట అంతగా లేదు. హెన్రీ కావెల్ చెప్పాడని ఒప్పుకున్నాడు. కొన్ని పాఠాలయ్యేసరికి ఆయన అభిప్రాయం మారిపోయింది.

ఆయన నేర్పిన పద్ధతి భలే తిరకాసుగా ఉంటుంది. పాత పాశ్చాత్య శాస్త్రంలో పొసగని స్వరాలు వస్తే వాటిని వెంటనే పొసిగే స్వరాల్లోకి దించాలి. చార్లెస్ దాన్ని తలకిందులు చేశాడు. పొసగనివే అసలు నియమం, కమ్మగా పొసిగేది ఏదైనా పొరపాటున వస్తే దాన్నుంచి త్వరగా బయటపడాలి అన్నాడు. మన భాషలో చెప్పాలంటే వివాదులే ఇంటివాళ్లు, సంవాదులు చుట్టాలు. దాన్ని సూత్రంగా చెప్పింది ఆయనైతే, ప్రాణం పోసింది రూత్.

1930లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది. సంగీత రచనకి ఆ గౌరవం అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే. ఆ డబ్బుతో బెర్లిన్ వెళ్లింది. బుడాపెస్ట్‌లో బార్తోక్‌నీ, వియన్నాలో ఆల్బన్ బెర్గ్‌నీ కలిసింది. అయితే అక్కడ ఏ మహానుభావుడి దగ్గరా శిష్యరికం చెయ్యలేదు. గదిలో కూర్చుని తన పని తాను చేసుకుంది. తన స్ట్రింగ్ క్వార్టెట్, అంటే నాలుగు తంత్రీ వాద్యాల రచన, 1931 నాటిది. దాని మూడో భాగంలో రాగం కన్నా వాద్యాల ధ్వని పెరగడం, తగ్గడమే ప్రధానం. నాలుగు వాద్యాలూ వంతులవారీగా ఉబుకుతూ తగ్గుతూ ఉంటాయి. ఈ రోజుకీ సంగీత విద్యార్థులు దాన్ని పాఠంగా చదువుతారు.

ఇస్త్రీ చేసే మనిషి పాట

1932 నాటికి అమెరికాలో ఆర్థిక మాంద్యం తీవ్రంగా ఉంది. ఊళ్లలో రొట్టె కోసం వరసలు. ఆ ఏడు రూత్ గొంతుకీ పియానోకీ రెండు పాటలు రాసింది. రెంటికీ మాటలు హెచ్.టి. సియాంగ్ అనే చైనా వలస కవివి.

ఒకటి సాకో, వాన్‌జెట్టి గురించి. ఇద్దరూ ఇటలీ నుంచి వలస వచ్చిన కార్మికులు. హత్యానేరం మోపి, న్యాయంగా జరగలేదని లోకమంతా గగ్గోలు పెట్టినా వినకుండా, 1927లో మాసచూసెట్స్‌లో మరణశిక్ష అమలు చేశారు.

రెండోది న్యూయార్క్ లాండ్రీలో పనిచేసే చైనా మనిషి పాట. ఇతరుల మురికి బట్టలు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసే మనిషి. యజమాని తిట్లు ఒకపక్క, చేతిలో పని ఒకపక్క. ఇక్కడ పియానో తొమ్మిది స్వరాల వరసని పట్టుకుంటుంది. ఆ తొమ్మిదినే తిప్పి తిప్పి, మొదలు మార్చి మార్చి వాయిస్తుంది, విరామం లేకుండా. గొంతు మాత్రం పాటకీ మాటకీ మధ్య ఎక్కడో ఉంటుంది. బతిమాలుతుంది, అరుస్తుంది, రోషపడుతుంది. పియానో పట్టించుకోదు. యంత్రం మనిషి గోడు వింటుందా?

నాకు రూత్ రాసినవాటిలో అన్నిటికన్నా దగ్గరైన పాట ఇదే. రోజూ అవే అంట్లు, అవే బట్టలు, అదే వరస. లోపల మనిషి ఏం చెప్పుకుంటున్నా పని ఆగదు. ఈ పాట రాసేనాటికి రూత్ ఇంకా ఇల్లాలు కాలేదన్నది మాత్రం నాకు విచిత్రంగా తోస్తుంది.

నలుగురు పిల్లలు

1932 అక్టోబర్‌లో రూత్, చార్లెస్ పెళ్లి చేసుకున్నారు. ఆయనకి అది రెండో పెళ్లి. రూత్ కన్నా దాదాపు పదిహేనేళ్లు పెద్ద. మొదటి భార్య వల్ల ముగ్గురు కొడుకులు. వాళ్లలో చిన్నవాడే పీట్.

1933లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ సమకాలీన సంగీతోత్సవానికి అమెరికా తరఫున రూత్ రాసిన మూడు పాటలు ఎంపికయ్యాయి. అవి కూడా శాండ్‌బర్గ్ కవితలే. అదే ఏడాది పెద్దబ్బాయి మైక్ పుట్టాడు. 1935లో పెగ్గీ, 1937లో బార్బరా, 1943లో పెనెలపీ. పదేళ్లలో నలుగురు పిల్లలు. రూత్ సొంత రచనల జాబితా చూస్తే ఆ పదేళ్లలో కనిపించేది ఒక్కటే. 1939లో ఆర్కెస్ట్రా కోసం జానపద వరసలతో అల్లిన చిన్న రచన. గొంతుకీ పియానోకీ కవిత కట్టడం మళ్లీ జరగనే లేదు.

అయితే ఒకటి చెప్పాలి. ఆవిడ ఖాళీగా కూర్చోలేదు. చార్లెస్‌కి ప్రభుత్వోద్యోగం రావడంతో సంసారం వాషింగ్టన్ చేరింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో జాన్ లోమాక్స్, ఆలన్ లోమాక్స్ అనే తండ్రీకొడుకులు పల్లెలు తిరిగి రికార్డు చేసి తెచ్చిన జానపదాలు గుట్టలుగా పడి ఉన్నాయి. జైళ్లలో ఖైదీలు పాడినవి, పొలాల్లో నల్లజాతి కూలీలు పాడినవి, కొండ ప్రాంతాల ముసలమ్మలు పాడినవి. వాటిని విని స్వరాలుగా కాగితం మీద పెట్టే పని రూత్‌కి అప్పజెప్పారు. ఒక్కో రికార్డునీ పదులసార్లు వినేది. పాడే మనిషి ఎక్కడ ఊపిరి తీసిందో, ఏ స్వరాన్ని కొంచెం కిందికి లాగిందో వదలకుండా రాసేది. అలా 1941లో 'అవర్ సింగింగ్ కంట్రీ' పుస్తకం వచ్చింది. దానికి ఆవిడ రాసిన సంగీత వ్యాసం మరీ పెద్దదైందని పుస్తకంలో వేసుకోలేదు. ఆవిడ పోయిన ఎన్నో ఏళ్లకి, 2001లో అది విడిగా పుస్తకమైంది.

కూతురు బార్బరా వెళ్లే నర్సరీ బడిలో 1941 నుంచి పిల్లలకి జానపదాలు నేర్పింది. ఆ అనుభవంతోనే 1948లో 'అమెరికన్ ఫోక్ సాంగ్స్ ఫర్ చిల్డ్రన్' పుస్తకం తెచ్చింది. ఎన్నో బడులు దాన్ని అందిపుచ్చుకున్నాయి. ఇవికాక ఇంట్లో పియానో పాఠాలు చెప్పి సంపాదన. అంటే ఆ ఇంట్లో పియానో ఏ రోజూ మూతపడలేదు. మూతపడింది ఆవిడ సొంత నోటుపుస్తకం.

వంటింట్లో ఇంకొకావిడ

ఈ కథలో నేను మరిచిపోలేని మనిషి ఇంకొకరున్నారు. ఒకరోజు వాషింగ్టన్‌లో పెద్ద దుకాణంలో చిన్న పెగ్గీ తప్పిపోయింది. అక్కడ పనిచేసే ఎలిజబెత్ కాటన్ అనే నల్లజాతి స్త్రీ పాపని పట్టుకుని తల్లికి అప్పగించింది. ఆ పరిచయంతోనే తర్వాత సీగర్ల ఇంట్లో పనికి కుదిరింది. వంట, ఇస్త్రీ, ఇల్లు సర్దడం.

రూత్‌కి కొంచెమైనా తీరిక దొరికిందంటే ఎలిజబెత్ చేతుల వల్లే. తీరా చూస్తే ఆ ఎలిజబెత్ కూడా పాట అటకెక్కించిన మనిషే! నార్త్ కరొలినాలో చిన్నప్పుడు తనంతట తాను గిటారు నేర్చుకుంది. ఎడమ చేతివాటం కావడంతో గిటారుని తిరగేసి వాయించేది. పదకొండు, పన్నెండేళ్ల వయసులోనే సొంతంగా పాట కట్టింది. చిన్న వయసులోనే పెళ్లి, కూతురు. చర్చివాళ్లు ఇలాంటి లౌకిక సంగీతం తగదనడంతో గిటారు పక్కన పెట్టేసింది. దశాబ్దాలు గడిచాయి. సీగర్ల ఇంట్లో గోడకి వేలాడుతున్న గిటారు అందుకుని వాయిస్తుండగా పిల్లలు చూసి నోరు తెరిచారు.

1950లలో మైక్ ఆవిడ పాటలు రికార్డు చేశాడు. 1958లో ఆల్బం వచ్చింది. 1985లో, తొంభై ఏళ్లు దాటిన వయసులో, గ్రామీ అవార్డు అందుకుంది. చిన్నప్పుడు కట్టిన ఆ 'ఫ్రైట్ ట్రైన్' పాట ప్రపంచమంతా పాడుకుంది.

ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు. ఒకరు పెద్ద చదువులు చదివి, యూరప్ చూసొచ్చిన సంగీతకారిణి. ఇంకొకరు ఆవిడ ఇంట్లో ఇస్త్రీ చేసే మనిషి. ఇద్దరి సంగీతమూ వాయిదా పడే ఉంది. ఒకరికి చర్చి భయం, ఒకరికి టైము కరువు. లాండ్రీ మనిషి పాట రాసిన రూత్ ఇంట్లోనే ఈ సంగతి జరగడం నాకు మనసులో కలుక్కుమంటుంది.

మళ్లీ కలం పట్టి

పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు. రూత్ మళ్లీ సొంత రచన మొదలుపెట్టింది. 1952లో ఫ్లూటు, ఓబో, క్లారినెట్, హార్న్, బసూన్ అనే అయిదు గాలి వాద్యాలకి మూడు భాగాల రచన పూర్తిచేసింది. వాషింగ్టన్‌లో జరిగిన పోటీలో దానికి మొదటి బహుమతి వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆవిడ చెవి పదును పోలేదని, జానపదం విని విని ఆ సంగీతంలోకి కొత్త ఊపు వచ్చిందని విన్నవాళ్లకి తెలిసిపోయింది. ఇంకేం, దారి తెరుచుకుంది అనుకునేలోపు పేగు క్యాన్సర్ బయటపడింది. 1953 నవంబర్ 18న కన్నుమూసింది. ఆఖరి పాపకి అప్పటికి పదేళ్లు.

ఎందుకు ఆపేసిందన్న ప్రశ్నకి పండితులు రెండు వాదాలు చెబుతారు. భర్తా, సంసారమూ ఆవిడ కలాన్ని మింగేశాయని కొందరు. లేదు, ఆకలితో ఉన్న దేశంలో కొద్దిమంది కోసం కష్టమైన సంగీతం రాయడం కన్నా జనం పాటే గొప్పదని ఆవిడే మనస్ఫూర్తిగా ఎంచుకుందని ఇంకొందరు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. జానపదం ఆవిడకి శిక్ష కాదు, ఇష్టంగా చేసిన పని. మైక్, పెగ్గీ ఇద్దరూ పేరుమోసిన జానపద గాయకులయ్యారంటే ఆ ఇంట్లో పొద్దస్తమానం మోగిన పాటల చలవే. ఇంజనీరు కావాలనుకున్న ఆడపిల్లకి లోకం పెట్టే అడ్డంకుల మీద పెగ్గీ 1970లో కట్టిన పాటని స్త్రీల ఉద్యమం సొంతం చేసుకుంది.

కానీ లెక్క కూడా చూడాలి కదా. చార్లెస్ 92 ఏళ్లు బతికాడు. రూత్ పోయాక ఇంకో పాతికేళ్ల పైచిలుకు. కాలిఫోర్నియా యూనివర్సిటీలో చేరి, ప్రపంచ సంగీతాల అధ్యయనానికి పెద్ద దిక్కయ్యాడు. ఆయన గొప్ప పని చాలావరకు డెబ్భై దాటాక చేసిందే. మగవాడికి ఆలస్యమైనా గడువు మిగిలింది. పిల్లలు పెద్దయ్యాక రాసుకోవచ్చులే అనుకున్న ఆవిడకి మిగిలింది ఒక్క బహుమతి, ఒక్క సంవత్సరం.

మీలో రాసేవాళ్లు, పాడేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు ఉంటే ఈ లెక్క ఒకసారి ఇంట్లోవాళ్ల ముందు పెట్టండి. పిల్లల పెళ్లిళ్లయ్యాక చూద్దాం అనే మాట దగ్గర ఆగకండి. వారానికి ఒక్క పూట చాలు. ఆ పూట వంట ఎవరు చేస్తారో ముందే తేల్చుకోండి. మీ ఇంట్లో పనికొచ్చే మనిషికీ ఏం వచ్చో, ఏం ఇష్టమో ఒకసారి అడిగి చూడండి.

ఇంకొక్క మాట. 1926లో రాసిన వయొలిన్ సొనాటా కాగితాలని రూత్ పెళ్లినాటి రోజుల్లో తన చేతులతోనే తగలబెట్టేసింది. షికాగోలో ఆవిడ దగ్గర చిన్నప్పుడు పాఠాలు నేర్చుకున్న వివియన్ ఫైన్ దగ్గర మాత్రం ఒక ప్రతి ఉండిపోయింది. ఆ పిల్ల పెద్దదై, తానూ సంగీత రచయిత్రి అయి, 1982లో ఆ సొనాటాని వెలుగులోకి తెచ్చింది. అందుకని మీరు రాసుకున్నది ఏదైనా సరే, పనికిరాదని మీకనిపించినా సరే, చించేయకండి. ఒక ప్రతి మీ మేనకోడలికో, శిష్యురాలికో ఇచ్చి ఉంచండి.